ఒక్క బోరు కూడా ఫెయిల్ కాని గ్రహం

పిల్లల కోసం నేనొక నవల రాశాను. భూమ్మీద నీళ్ళు అయిపోతే కొంతమంది ఒక ఓడ ఎక్కి, ఎక్కడో ఉన్న ఎర్రమట్టి గ్రహానికి పోయి బతకడం దాని కథ. ఆకాశంలో పోయే ఓడ, పాటలు పాడే మరమనిషి, పదిహేనేళ్ళ పిల్ల కెప్టెన్, దుమ్ము తుపాన్లు, ఒకటేమిటి, నాకు తోచినవన్నీ అందులో పెట్టాను. రాయడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పుకుంటే సిగ్గుచేటు. రాసినదానికంటే కొట్టేసిందే ఎక్కువ.

రెంటచింతల దగ్గర్లో ఒక ఊరి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఉండేది మాచర్లలో, రోజూ బస్సే. రిటైర్మెంట్ దగ్గర పడింది. ఈమధ్య పాఠం చెప్పడం కంటే గవర్నమెంటు యాప్‌లో పెట్టడానికి ఫోటోలు తీయడం ఎక్కువైంది. పొద్దున్నే నా మొహం ఫోటో, తర్వాత పిల్లల హాజరు, మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటో, ఆనక మరుగుదొడ్ల ఫోటో. సిగ్నల్ లేకపోతే ఫోన్ పైకెత్తి పట్టుకుని ప్రహరీ గోడ వెంట తిరగాలి. ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. ఆ లేని ఓపికతోనే నవల రాశాను.

నవల మొదట విన్నది మా ఆవిడ. వంటింట్లో గోంగూర తుంచుకుంటూ నాలుగు అధ్యాయాలు ఓర్చుకుని విని, "అంత దూరం పోయిన పిల్ల ఇంటికి ఒక్కసారన్నా ఫోన్ చేయదేమండీ?" అంది. అక్కడ సిగ్నల్ ఉండదే అన్నాను. "ఓడ పోయిన చోటికి సిగ్నల్ పోలేదా?" అని మళ్ళీ గోంగూరలో పడింది. సైన్సు చెప్పేవాణ్ణి, నా దగ్గర దానికి సమాధానం ఉంది. కానీ చెప్పాలనిపించలేదు.

విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసే ఒకాయనకి ఫోన్ చేశాను. "మాస్టారూ, మీరు పిల్లల మధ్యే ఉంటారు కదా. ముందు వాళ్ళకి చదివి వినిపించండి. వాళ్ళేమంటారో చెప్పండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. మర్యాదగా వదిలించుకున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాట పట్టుకున్నాను. ఎనిమిదో తరగతికి వినిపిస్తాను, వాళ్ళు బాగుందంటే ఎట్లాగో అచ్చు వేయిస్తాను, లేదంటే కట్ట కట్టి అటక మీద పడేసి ఇక కలం ముట్టుకోను అని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, అటకే నయమనిపించేంత అలసట అప్పటికే ఉంది.

శనివారం ఆఖరి పీరియడ్ లైబ్రరీ పేరు మీద ఉంటుంది. లైబ్రరీ అంటే హెడ్మాస్టరు గదిలో తాళం వేసిన బీరువా. ఆ పీరియడ్ మీద లెక్కల మేడం కన్ను ఎప్పుడూ ఉంటుంది. "నాకిస్తే స్లిప్ టెస్టు పెట్టుకుంటా గదా మాస్టారూ, కథలు విని ఎవరు పాసయ్యారు?" అంటుంది. ఆమెను తప్పించుకుని క్లాసుకి పోయి, కాగితాల కట్ట బల్ల మీద పెట్టి, ఎవరో రాసిన నవల, జిరాక్స్ తెచ్చాను, వినండి అన్నాను. నేను రాశానంటే అందరూ బాగుంది సార్ అనే అంటారు. మార్కులు వేసేది నేనే మరి.

మొదటి అధ్యాయం అవగానే ముందు బెంచీ వాడు చేయెత్తాడు. వాడు క్లాసులో ఎప్పుడూ నోరు మూయని వాడు.

"ఫైటింగ్ ఎప్పుడొచ్చుద్ది సార్?"

"రాదు."

"మరి విలన్ ఎవరు సార్?"

"నీళ్ళ కరువే విలన్."

"అది రోజూ ఉండేదే గదా సార్," అని కూర్చున్నాడు.

కెప్టెన్ ఆడపిల్ల కావడం మీద పెద్ద రభస జరిగింది. నడపగలదా లేదా అని కాదు. "వాళ్ళమ్మ ఎట్టా పంపిచ్చింది సార్? మా అమ్మ మాచర్లకే పంపదు" అని ఆడపిల్లలంతా ఒక్కటై అడిగారు. ఆ గ్రహం మీద ఎండ గురించి నేను పేజీలకు పేజీలు రాశాను. నలభై అయిదు డిగ్రీలకి ఓడలోవాళ్ళు సొమ్మసిల్లి పడిపోతారు. ఆ చోటికి వచ్చేసరికి క్లాసంతా పగలబడి నవ్వింది. "నలభై అయిదుకే పడిపోయారా? ఒకసారి మనూరు తీసకరాండి సార్ వాళ్ళని!" అన్నాడు ముందు బెంచీ వాడు. జాలితో కళ్ళు చెమరుస్తాయనుకుని రాసుకున్న పేజీ అది. ఇంటికి పోయి నలభై అయిదు కొట్టేసి డెబ్భై చేశాను.

మోటారు వైండింగ్ షాపు ఆయన కొడుకు మరమనిషిని వదిలిపెట్టలేదు. "అంత దుమ్ములో బేరింగులు పోవా సార్? గ్రీజు ఎవరు పెడతారు?" అని ప్రతివారం అడిగేవాడు. వాడి పోరు పడలేక మూడో అధ్యాయంలో ఒక గ్రీజు డబ్బా చేర్చాను. ఇవన్నీ విమర్శలని, వీటితో నా నవల బాగుపడుతుందని అప్పుడు అనుకోలేదు. ఒళ్ళు మండేది.

ఒక శనివారం కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చాను. అయినా చదువుతూనే ఉన్నాను. అన్నిసార్లు తిరగరాసినవాడికి అక్షరాలతో పనేముంది? కాసేపటికి ముందు బెంచీ వాడు అనుమానంగా, "సార్, కళ్ళజోడు లేకపోతే మీకు హాజరు పట్టీయే కనపడదు గదా. ఇదెట్టా చదవతన్నారు?" అన్నాడు. వెనక నుంచి మోటారు షాపు పిల్లవాడు తాపీగా తేల్చేశాడు. "సారే రాశాడ్రా."

అవునని ఒప్పుకున్నాను. ఇక నుంచి కాస్త గౌరవంగా వింటారని లోపల ఆశ కూడా పడ్డాను. వాళ్ళ మొహాలు వెలిగాయి గానీ అది గౌరవం కాదు. "అయితే మార్చొచ్చు గదా సార్!" అన్నారు. ఇంతకాలం అచ్చయిపోయిన పుస్తకమని కొంత ఊరుకున్నారట. ఆ తర్వాత వారం నుంచి వాళ్ళకి అడ్డూ ఆపూ లేదు.

కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి మాత్రం ఏమీ అడిగేది కాదు. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడుతుందట, క్లాసులో పేరు పిలిస్తే పలకడానికే మొహమాటం. గడ్డం కింద చేతులు పెట్టుకుని వినేది. నా నవల నచ్చిన పిల్ల ఒకతె ఉందని, ఆ ఒక్కతె చాలని నాకు ధైర్యంగా ఉండేది.

నవల మొత్తానికీ నాకు ఇష్టమైనది ఆఖరి అధ్యాయం. ఓడ దిగినవాళ్ళ దగ్గర తాగే నీళ్ళు అడుగంటుతాయి. మరమనిషి ఒక చోట నేల తొలవడం మొదలుపెడుతుంది. తొలిచిన మొదటి చోటే నీళ్ళు పైకి ఎగజిమ్ముతాయి. అందరూ తడిసి ముద్దయి, బురదలో దొర్లి, ఒకళ్ళనొకళ్ళు కావలించుకుంటారు. ఆ అధ్యాయం చదివేటప్పుడు నా గొంతు నాకే బాగుందనిపించింది. చదవడం ముగించి, చప్పట్లు కొడతారేమోనని తలెత్తాను. ఎవరూ కదల్లేదు. కిటికీ పక్క అమ్మాయి లేచి నిలబడింది.

"అబద్ధం సార్."

"ఏంది అబద్ధం?"

"మొదటి బోరుకే నీళ్ళు పడటం."

నాకు కోపం నషాళానికంటింది. "ఓడ ఆకాశంలో పోయిందంటే నమ్మావు. ఇనప మనిషి పాట పాడితే నమ్మావు. నేలలో నీళ్ళు పడ్డాయంటే నమ్మవా?"

"అయ్యి మేం చూళ్ళేదు గదా సార్," అంది మెల్లగా. "బోరు చూశాం."

ఆ ఒక్క మాటతో గట్టు తెగింది. క్లాసులో ప్రతివాడికీ ఒక బోరు కథ ఉంది. నీళ్ళున్న పాయింటు ఎవరు పెట్టారు, కొబ్బరికాయతో చూశారా మిషన్‌తోనా అని ఒకడు. కేసింగ్ పైపు ఎంత లోతు దింపారని ఒకడు. బోరు లారీ దిగంగానే పసుపు కుంకుమ పెట్టకుండా రాడ్డు దింపుతారా అని ఒకమ్మాయి. అసలు ముందు బెంచీ వాడి ఫిర్యాదే నాకు అన్నిటికంటే బాగా గుర్తుంది. "ఒక్క బోరు కూడా ఫెయిల్ కాలేదు గదా సార్, మరి బండ ఎప్పుడు పెడతారు?" బండ ఎందుకురా అంటే, "ఫెయిలైన బోరు మీద బండ పెట్టాల సార్. లేకపోతే పిల్లలు పడతారు" అని నాకు చెప్పాడు.

"ఇది కథ, మీ చేను కాదు!" అని అరిచి, బెల్లు కొట్టకముందే కాగితాలు తీసుకుని బయటికొచ్చేశాను. బస్టాపు దాకా గొణుక్కుంటూనే ఉన్నాను. మనసులో కట్ట కట్టేశాను, అటక ఎక్కించేశాను. ఒకరకంగా హాయిగా కూడా అనిపించింది.

సోమవారం వరండాలో మోటారు షాపు పిల్లవాడు నా వెంటపడ్డాడు. "సార్, అబద్ధమన్నదని ఆమె మీద కోపం పెట్టుకోమాకండి. పోయిన గురువారం వాళ్ళ బత్తాయి తోటలో రెండో బోరు గూడా ఫెయిలయ్యింది. మా అబ్బా మోటారు ఆటోలో ఎక్కించుకుని ఇంటికాడ రెడీగా కూర్చున్నాడు. పొద్దుగూకిందాకా ఫోన్ రాలేదు."

ఫోన్ రాలేదంటే చాలు, మా వైపు ఎవరికైనా అర్థమవుతుంది. బోరు వేయించే ఇంటికి ఫోన్ చేసి పడిందా అని ఎవరూ అడగరు. పడితే వాళ్ళే ఊరంతటికీ చేస్తారు. పడకపోతే ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కూడా వేరే సంగతులు మాట్లాడుకుంటారు. ఆ పిల్ల గురువారం బోరులోంచి నీళ్ళకి బదులు లేచిన దుమ్మంతా చూసి, శనివారం వచ్చి నా క్లాసులో కూర్చుంది. నేను చప్పట్ల కోసం చూశాను.

ఆ సాయంత్రం బస్సులో నాకు సీటు దొరికింది. కిటికీలోంచి ఎండిన చేలు చూస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. మాచవరం దగ్గర మాకున్న కాస్త చేలో ఆయన బావి తవ్వించాడు. రాయి తగిలితే మందు పెట్టి పేల్చారు. దాని కింద ఇంకో రాయి. మళ్ళీ పేల్చారు. సాయంత్రాలు గట్టు మీద నిలబడి ఆయన లోపలికి చూసేవాడు, ఆయన పక్కన నిలబడి నేనూ చూసేవాణ్ణి. వాన పడినప్పుడు నిలిచిన నీళ్ళు తప్ప ఆ గుంతలో వేరే నీళ్ళు మా నాన్న చూడలేదు. చూడకుండానే పోయాడు. మొదటి దెబ్బకే నీళ్ళు పడేట్టు నేను ఎవరి కోసం రాశానో నాకు బస్సులో తెలిసింది. ఏడుపొచ్చింది. పక్కనున్నాయన దుమ్ము పడిందేమో మాస్టారూ అంటే, అవునన్నాను.

అటక ఎక్కించాలనుకున్న కాగితాలు మళ్ళీ బల్ల మీద పరిచాను. ఆ అధ్యాయమంతా కొట్టేశాను. ఈసారి కెప్టెన్ పిల్ల తన వంతు తాగే నీళ్ళలోంచి ఒక గ్లాసు నేల మీద పోసి దండం పెట్టుకుంటుంది, అప్పుడు గానీ మరమనిషి తొలవదు. తెల్లటి దుమ్ము లేస్తుంది. లేస్తూనే ఉంటుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. కెప్టెన్ వెళ్ళి ఆ రంధ్రం మీద ఒక బండ జరిపి పెడుతుంది. రెండో చోట కూడా దుమ్మే, మూడో చోట కూడా. నాలుగో చోట కూడా పడలేదని రాసి, అందరూ ఓడ ఎక్కి ఇంకో గ్రహం వెతుక్కుంటూ పోయారని ముగించాను. నమ్మేట్టు ఉండాలన్నారు కదా, నమ్మండి అనే కక్షలాంటిది కూడా ఉంది నాలో. దానితోనే నవల అయిపోయింది. నేనూ అయిపోయాను.

ఒంటిపూట బడులు పెట్టాక వచ్చిన శనివారం దాన్ని చదివాను. కరెంటు లేదు. ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళూ కిటికీ దగ్గరవాళ్ళూ ఒకేలా ఉడికిపోతున్నారు. లెక్కల మేడం గుమ్మంలోకి తొంగి చూసి, "ఇంకా కాలేదా మీ గ్రహం?" అని పోయింది. నేను కళ్ళజోడు పెట్టుకుని, కొత్తగా రాసింది కాబట్టి, కాగితం చూసే చదివాను.

గ్లాసు నీళ్ళు పోసిన చోట, "ఆ, అదీ!" అన్నారు. మొదటి దుమ్ము లేచినప్పుడు ఎవరూ నవ్వలేదు. బండ పెట్టినప్పుడు ముందు బెంచీ వాడు తల ఊపాడు. రెండో బోరుకి వాళ్ళలో కదలిక ఆగిపోయింది. మూడో బోరు దగ్గర మోటారు షాపు పిల్లవాడు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఎప్పుడూ నోరు మూయనివాడు కూడా మూసుకున్నాడు. నేను చెప్పిన ఏ పాఠాన్నీ ఈ పిల్లలు ఇట్లా విన్లేదు. ఒక రచయితకి ఇంతకంటే ఏం కావాలి అనుకోవాల్సింది. అనుకోలేకపోయాను. పేజీ తిప్పాను. నాలుగో బోరు.

"సార్."

కిటికీ పక్క అమ్మాయి లేచి నిలబడి ఉంది.

"ఇంక పడనియ్యండి సార్."

నేను కళ్ళజోడు మీంచి చూశాను. "అబద్ధమన్నావు గదమ్మా మొన్న?"

"అప్పుడు మొదటిదే పడింది గదా సార్. ఇప్పుడు వాళ్ళు చానా అలిసిపోయారు." కాసేపు బల్ల చెక్క గోకుతూ నిలబడి, "రేపు చర్చి అయినాక మా నాయన మళ్ళా ఏపిస్తన్నాడు" అని కూర్చుంది.

క్లాసంతా నా వైపు చూస్తోంది. నా చేతిలో కాగితం మీద నీళ్ళు పడలేదని, ఓడ వెళ్ళిపోయిందని నా చేత్తో నేనే రాసి ఉంది. నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. కళ్ళజోడు లేకుండా నాకు ఏమీ కనపడదని ఆ పిల్లలందరికీ తెలుసు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

రాడ్డు దిగుతోందని చదివాను. దుమ్ము లేస్తోందని, లేచీ లేచీ దాని రంగు మారిందని చదివాను. కెప్టెన్ పిల్ల ఆ దుమ్ములో చేయి పెట్టి చూస్తే వేళ్ళకి తడి తగిలిందన్నాను. ఇది కూడా ఎగజిమ్మినట్టు చెప్పడానికి నోరు రాలేదు. నీళ్ళు మెల్లగా బురదగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత ఆగకుండా వచ్చాయని చెప్పి ఊరుకున్నాను.

"ఎన్ని ఇంచులు సార్?" అందా అమ్మాయి. బోర్లో పడ్డ నీటి ధారని మా రైతులు కొలిచేది ఇంచుల్లోనే. నవల్లో ఆ లెక్క నేనెక్కడా పెట్టలేదు.

"రెండు."

"చాలు సార్," అంది.

"మోటారు మా షాపుదే!" అని అరిచాడు వెనక నుంచి మోటారు షాపు పిల్లవాడు. అప్పుడు కొట్టారు చప్పట్లు. ఇప్పుడు ఫోన్ చేసి విజయవాడ ఆయనకి చెప్పొచ్చు, పిల్లలకి నచ్చిందని. బెల్లు కొట్టినా ఇంకా కొడుతూనే ఉన్నారు. ఆ అమ్మాయి మాత్రం పుస్తకాలు సర్దుకుని, ఆ రెండించుల మాట మీద నమ్మకంతోనో ఏమో, అందరికంటే ముందు బయటికి నడిచింది. నాకు భయం వేసింది.

ఆదివారమంతా ఇంట్లో కాలు నిలవలేదు. ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే మా ఆవిడ, "ఏమైందండీ, ఒంట్లో బాలేదా?" అంది. ఫోన్ తీశాను, పెట్టేశాను. అడగకూడదు కదా. పడితే వాళ్ళే చెబుతారు. ఒక మాస్టారికి ఎవరు చెబుతారు, అయినా చూశాను.

సోమవారం ఆ అమ్మాయి బడికి వచ్చింది. తన చోట కూర్చుంది. పక్కనున్న పిల్లలు పరీక్షల గురించి మాట్లాడుతున్నారు, ఎప్పుడూ లేనంత శ్రద్ధగా. మోటారు షాపు పిల్లవాడు నా వైపు చూసి తల దించుకున్నాడు. పడి ఉంటే ఆ పిల్ల గేటు దాటకముందే బడికంతా తెలిసి ఉండేది. నేను హాజరు తీసుకుని, ఫోటో తీసి, ధ్వని తరంగాల పాఠం చెప్పాను. ఏం చెప్పానో నాకు తెలియదు.

ఇంటర్వెల్లులో వరండా స్తంభం దగ్గర నిలబడి నేను సిగ్నల్ కోసం చూస్తుంటే, నా పక్కకి వచ్చి నిలబడింది. మొన్న నేను చదివింది గుర్తొచ్చి, ఆ పిల్ల మొహం చూడలేకపోయాను.

"తర్వాతేంది సార్?"

"దేని తర్వాత?"

"అదే, నీళ్ళు పడ్డయ్ గదా వాళ్ళకి. ఇంతకీ ఏం పంట ఏశారు?"

నా నవల ఆ నీళ్ళతోనే అయిపోయింది. ఆపైన ఒక్క అక్షరం లేదు, రాసే ఓపిక కూడా లేదు. ఇంకా ఏం వేయలేదమ్మా, ఆలోచిస్తున్నారు అన్నాను. ఏం వేయమంటావని అడిగాను.

ఆ పిల్ల గేటు అవతలి చేల వైపు చూసింది.

"ఏదైనా పర్లేదు గానీ, బత్తాయి మాత్రం పెట్టనీయమాకండి సార్. దానికి నీళ్ళు చానా కావాల."

సరేనమ్మా అన్నాను. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ ఎర్రమట్టిలో రెండించుల నీళ్ళకి ఏం పండుతుందా అని మాచర్ల దాకా ఆలోచిస్తూ పోయాను.